ఆరో జేబు

"దివిటీ దొర" నాలుగో భాగం వచ్చింది ఆదోనికి.
పంతొమ్మిదేండ్లకు.
పత్తి మార్కెట్టు గోడ మీద పోస్టర్ చూసి
ఉరుకుందు సైకిల్ దిగలేదు, ఒక కాలు మాత్రం కింద పెట్టినాడు.
"ముసిలోడయినాడు కదన్నా" అన్నాడు.
ఎవరని నేను అడగలేదు.

మొదటి భాగం వచ్చిన ఏడు
నా మిషన్‌కు నిద్ర లేదు.
ఊర్లో మొగపిల్లోల్లందరికీ దొర కోటే కావాల.
ఖాకీ గుడ్డ, ఇత్తడి గుండీలు,
ముందర నాలుగు జేబులు, లోపల ఒకటి,
ఎడమ చంక కింద ఇంకొకటి.
ఆ ఆరోదాన్ని తెర మీద కనిపెట్టింది నేనే.
ఏడుసార్లు చూసినాను, కుట్లు లెక్కపెట్టేదానికి.
గుహలో దూకే ముందు, ఏట్లో పడే ముందు
దొర దాని మీద ఒకసారి చెయ్యి పెట్టుకుంటాడు.
తెరవడు.

మూడు భాగాల్లోనూ తెరవలేదు.

ఏముందో దాంట్లో అని
జిన్నింగ్ మిల్లు గేటు కాడ, ఉగ్గాని బండి కాడ
ఎన్ని పంచాయితీలు!
ఉరుకుందుకు తల్లి లేదు, వాళ్లమ్మ కమ్మ ఉందన్నాడు.
ఖాజా మాత్రం ఒకే ఒక్క అగ్గిపుల్ల అన్నాడు,
తడవకుండా దాచిన ఆఖరి పుల్ల.
కాగడాలు పట్టుకోని రాత్రిపూట కోటకొండ ఎక్కి
పన్ను విరగ్గొట్టుకున్నోడు వాడే.
నేనేమో, ఏమీ లేదంటి.
అడుగు కుట్టు ఊడిపోయింటుంది, అదే వాని భయం అంటి.
టైలర్ మాట ఎవరు నమ్ముతారు?

ముగ్గురమూ పోయినాము, మొదటాటకు.
నూర్జహాన్ టాకీసులో ఇప్పుడు బెంచీల్లేవు,
గ్లాసు పెట్టుకునే బొక్కున్న కుర్చీలు.
ఆ పాత ఈల మొదలయ్యేసరికి
ఖాజా నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.
అబద్ధం ఎందుకు, నాకూ గొంతు పూడిపోయింది.
దొర ఇంకా ఎడమ చేత్తోనే దివిటీ ఎత్తుతాడు.
పరిగెత్తేటప్పుడు మాత్రం వేరే వీపు.
నాకు తెలుస్తుంది, భుజాల కొలత కండ్లతోనే తీస్తా,
పద్దెనిమిదిన్నర పోయి పదిహేడు అయింది.
పులి కంప్యూటర్‌ది. దానికి బరువు లేదు,
దూకితే దుమ్ము లేయదు.
కోటుకు జిప్పు పెట్టినారు. జిప్పు!
వంటోడు చెంగయ్య వేషం కట్టినాయన పోయినాడు కదా,
ఆయన టోపీని ఒక మేకుకు తగిలించినారు, ఊరికే,
ఎవరితోనూ ఒక్క మాట పలికించకుండా.
నా టికెట్టు డబ్బు ఆ మేకుకు చెల్లిపోయింది.

ఆఖర్న, సొరంగం కూలేటప్పుడు,
దొర ఆరో జేబు తెరిచినాడు.

ఒక ఫొటో.
పసిపిల్లది. కూతురంట.
ఐదో భాగంలో వస్తుందంట.

పిల్లోల్లు ఈలలు వేసినారు, కాగితాలు ఎగరేసినారు.
వాళ్ల తప్పేముంది.
మేము ముగ్గురమూ బయటికొచ్చి
టీ తాగలేదు, పంచాయితీ పెట్టలేదు.
ఆలూరు రోడ్డు మలుపులో ఉరుకుందు
"బాగనే తీసినాడులే" అన్నాడు,
దినం భోజనం తిని, పప్పు బాగుందన్నట్ల.

ఇన్నేండ్లు ఆ జేబులో మేము పెట్టినవన్నీ
ఎవరు తీసినారు, యాడ పారేసినారు?
కమ్మ, పుల్ల, నా ఊడిపోయిన కుట్టు.
తెలుసుకోవాలని చచ్చింది మేమే.
చెప్పినందుకు కోపమొస్తాండేదీ మాకే.

ఈ పొద్దు అంగడి తీస్తానే ఒక పిల్లోడొచ్చినాడు,
తొమ్మిదేండ్లుంటాయి, వాళ్ల జేజి చెయ్యి పట్టుకోని.
దొర కోటు కావాలంట, జిప్పుది.
ఆరు జేబులూ పెట్టాల్నా అంటే
"పెట్టు, చంక కింది దాంట్లో ఏమేసుకోవాలో
నేనింకా అనుకోలే" అన్నాడు.
జేజి నూటయాభై తగ్గించమంటాంది.
టేపు వాని వీపుకు ఆనించినాను. పన్నెండు.

రేపు రెండో ఆటకు ఖాజా వస్తానన్నాడు.
ఉరుకుందును అడగాల.